మొదటి గుడ్డ ఎప్పుడు తడిసింది

మా గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి ఒకటి ఉంటుంది. ఆ ఇస్త్రీ ఆయన నూలు చీర మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే తడీ వేడీ కలిసిన వాసన ఒకటి గుప్పున లేస్తుంది. మొన్న అటుగా పోతూ ఆ వాసనకు నిలబడిపోయాను. ఆయన నా వంక చూసి బట్టలేమైనా తెచ్చావా అమ్మా అని అడిగాడు. తేలేదు, ఊరికే నిలబడ్డానని చెప్పాను. నేను పనిచేసిన దవాఖానలో కాన్పుల గదికి కావలసిన గుడ్డలన్నీ పెద్ద పెద్ద డబ్బాల్లో పెట్టి ఆవిరి పట్టేవాళ్ళు. పొద్దున డబ్బా మూత తీస్తే సరిగ్గా ఇదే వాసన. ఆ వాసన వెనకాలే, చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు నడుములో దోపుకుంటూ, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం పెట్టుకుని లోపలికి వచ్చే కామాక్షమ్మ గారు గుర్తుకొస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. నాకు సంతకం తప్ప రాత రాదు, అందుకని నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నా గొంతు బొంగురు, మాట మోటు. దాన్ని సాపు చేసి రాస్తానంది, చేసుకోమన్నాను. జరిగింది మాత్రం ముందుది వెనక్కీ వెనకది ముందుకీ జరపొద్దని చెప్పాను. ఎందుకు అంతగా చెప్పానో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

ఆంధ్రా, తెలంగాణ కలిసిన నాలుగైదేళ్ళకు నా పెనిమిటి పోయాడు. నాంపల్లి స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. వారం రోజుల జ్వరం, అంతే. అప్పటికి నా కూతురికి మూడేళ్ళు. స్టేషన్ వెనక ఒంటి గది కిరాయి ఇల్లు. పొరుగామె ఒకామె దవాఖానలో ఆయా పని ఖాళీ ఉందంటే పోయి చేరాను. ఆ దవాఖాన పేరు ఇక్కడ చెప్పను, ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు. కామాక్షమ్మ గారు కాన్పుల వార్డుకు పెద్ద డాక్టరు. తెనాలి వైపు మనిషి. ఆబిడ్స్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. పెళ్ళి చేసుకోలేదో, చేసుకుని విడిచిందో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రోజూ నడిచే వచ్చేది. దారిలో ఎవరు సలాం చేసినా ఆగి వాళ్ళ ఇంట్లో కాన్పు అయిన పిల్ల ఎలా ఉందో పేరు పెట్టి అడిగేది.

నేను చేరిన కొత్తలో ఒక పొద్దున ఆమె రౌండుకు వచ్చి ఏడో మంచం ఆమె ఎలా ఉందని నన్ను అడిగింది. ఆయాను డాక్టరు అడగడమే నాకు వింత. ఆమెకు రోగం లేదు, నఖరాలు చేస్తోంది, మొగుడు రాలేదని అలిగింది అని చెప్పాను. కామాక్షమ్మ గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "నువ్వు చూసిందేమిటి, అనుకుంటున్నదేమిటి? రెండూ కలిపి వడ్డించకు. చూసింది ముందు పెట్టు" అంది. అప్పుడు చెప్పాను. అన్నం పెడితే పక్కకు తోసింది, పెదవులు ఎండిపోయాయి, దుప్పటి రెండు కప్పినా ఇంకోటి అడిగింది. ఆమె వెంటనే ఏడో మంచం దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని చూసింది. బాలింత జ్వరం. ఆ రోజు పట్టుకోకపోతే దక్కేది కాదని తర్వాత పెద్ద సిస్టర్ చెప్పింది. కామాక్షమ్మ గారు మాత్రం నన్ను మెచ్చుకోలేదు. పోతూ పోతూ, అలిగింది అన్న మాట నీ దగ్గరే ఉంచుకో, నాకు అక్కర్లేదు అని పోయింది. నాకు కోపమొచ్చింది. కానీ ఆ మర్నాటి నుంచి ఏ మంచం దగ్గరికి పోయినా నా కళ్ళు వాటంతటవే వెతకడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డాక్టరీ చదువు అయిపోయిన పిల్లలు ఒక ఏడాది మా దవాఖానలోనే వార్డు వార్డు తిరిగి పనిచేసేవాళ్ళు. వాళ్ళను హౌస్ సర్జన్లు అనేవాళ్ళు. ఏడాది తిరిగాక వార్డులోనే ఉండి పై పని నేర్చుకునే రెసిడెంటు ఉద్యోగాలు ఉండేవి. పిల్లలు పాతిక మంది ఉంటే ఉద్యోగాలు నాలుగో అయిదో. కాన్పుల వార్డుకు ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం ఎండాకాలం వస్తే చాలు దవాఖానంతా వేడెక్కేది. సూపరింటెండెంటు సాబ్ గదిలో ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలు అడిగేవాళ్ళు. పరీక్షల మార్కులు చూసేవాళ్ళు, ఎన్నోసారికి పాసయ్యారో చూసేవాళ్ళు, మెడల్ ఉంటే అదీ చూసేవాళ్ళు. వార్డు నుంచి వచ్చిన రిపోర్టు చూసేవాళ్ళు. ఎవరెవరి దగ్గర నుంచో చిట్టీలు కూడా వచ్చేవి, వాటిని చూసేవాళ్ళో లేదో నాకు తెలియదు. ఆ ముగ్గురిలో కామాక్షమ్మ గారు ఒకరు.

అయితే ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. ఇంటర్వ్యూలకు నెల ముందు నుంచి సిస్టర్లనూ ఆయాలనూ చాకలి ఆయననూ, ఇంటికి పోతున్న బాలింతలనూ అడిగేది. అడిగేవి ఎప్పుడూ మూడే. డ్యూటీ దిగిపోయేటప్పుడు తన పేషెంట్లను తర్వాత డ్యూటీ డాక్టరుకు చూపించి, చెప్పి పోయిందా? చేతులు కడుక్కుందా, ఎవరూ చూడనప్పుడు కూడా? తెలియనప్పుడు తెలియదని చెప్పిందా? ఈ మూడోది వింటే నాకు నవ్వొచ్చేది. తెలియదని చెప్పే డాక్టరు ఎందుకమ్మా అన్నాను ఒకసారి. మా గేటు చౌకీదారు మల్లయ్యకు ఇదంతా పెద్ద తమాషా. నేను గేటు దాటుతుంటే చాలు, "నమస్తే బాలమణి డాక్టర్ సాబ్, ఈసారి ఎవరిని పాస్ జేస్తున్నరు?" అనేవాడు. నీలాంటి నిద్రమొహాన్ని మాత్రం చెయ్యను అనేదాన్ని.

ఆ ఏడాది కాన్పుల వార్డు ఉద్యోగానికి ఇద్దరు అమ్మాయిలు గట్టిగా నిలబడ్డారు. ఒకరు డాక్టర్ వసంత. హిమాయత్‌నగర్‌లో ఇల్లు, వాళ్ళ నాన్న విజయవాడ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు. మెడల్ వచ్చిన పిల్ల. పొగరు లేదు, పని దొంగ కాదు. ఇంకొకరు డాక్టర్ సుగుణ. కాచిగూడలో బడిపంతులు కూతురు, తరతరాలుగా హైదరాబాదీలు. మార్కులు కాస్త తక్కువ. ఆ ఇంట్లో ఆమె వెనక ఇద్దరు తమ్ముళ్ళు చదువుకోవాలి, కాబట్టి ఈ ఉద్యోగం రాకపోతే ఏదో తాలూకా దవాఖానకు పోయి చేరాల్సిందే, పై చదువు అక్కడితో సరి. నన్ను బాలమణక్కా అని పిలిచేది. కాన్పుల పనంటే ఆ పిల్లకు ప్రాణం. డ్యూటీ అయిపోయాక కూడా గోడకు ఆనుకుని నిలబడి కామాక్షమ్మ గారి చేతుల వంకే చూస్తూ ఉండేది. ఇద్దరిలో ఎవరు అన్నదానికి మల్లయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆంధ్రా డాక్టరమ్మ ఆంధ్రా పిల్లనే తీసుకుంటుందని దవాఖానంతా చాటింపు వేశాడు.

మా వార్డులో ఒక కట్టుబాటు ఉండేది. బిడ్డ పుట్టగానే మగపిల్లవాడైతే గట్టిగా చెప్పేవాళ్ళం. ఆడపిల్ల అయితే బిడ్డ వెనక మాయ పడేదాకా తల్లికి చెప్పేవాళ్ళం కాదు. తల్లి గుండె జారితే మాయ లోపలే ఆగిపోతుందని, నెత్తురు పోతుందని మా నమ్మకం. ఎవరు పెట్టారో తెలియదు. నాకు ముందు ఉన్న ఆయా నాకు చెప్పింది, నా తర్వాత వచ్చిన ఆమెకు నేను చెప్పాను. పెద్ద సిస్టర్ కూడా దాన్ని గట్టిగా పాటించేది. ఆమె చెడ్డది కాదు. చిన్నప్పుడు సొంత అక్క అలా పోవడం కళ్ళారా చూసిందట.

ఒక మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ హమాలీ భార్య యాదమ్మ నొప్పులతో వచ్చింది. మూడో కాన్పు, ముందు ఇద్దరూ ఆడపిల్లలే. కామాక్షమ్మ గారు అన్నానికని ఇంటికి పోయింది. సుగుణ డ్యూటీలో ఉంది. కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. నేను అలవాటు ప్రకారం నోరు మూసుకున్నాను. యాదమ్మ తల ఎత్తి, ఏం పుట్టిందో చెప్పమని అడిగింది. సుగుణ బొడ్డు కత్తిరిస్తూనే, "ఆడపిల్ల అక్కా, మంచిగున్నది, సూడు" అని బిడ్డను ఎత్తి చూపించింది. చూస్తే కింద నెత్తురు. గుడ్డ మీద గుడ్డ తడిసిపోతోంది. యాదమ్మ మొహం తెల్లబడింది. సుగుణ ఒక చేత్తో కడుపు గట్టిగా రుద్దుతూనే ఉంది, సూది మందు వేయించింది. అప్పుడు తల తిప్పి, సూది వేసిన సిస్టర్‌తో అంది, "మాయ గుంజాల్నో ఆగాల్నో నాకు తెలుస్తలేదు. అమ్మను పిలువుండ్రి, బిరాన." మల్లయ్య సైకిలెక్కి ఆబిడ్స్‌కు ఉరికాడు. కామాక్షమ్మ గారు సగం తిన్న చెయ్యి కడుక్కుని రిక్షాలో వచ్చింది. పావుగంటలో మాయ తీసింది, నెత్తురు ఆగింది. యాదమ్మ బతికింది. బిడ్డ కూడా.

సాయంత్రం పెద్ద సిస్టర్ నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగింది. అడగడమే తరువాయి, నేను గడగడా చెప్పేశాను. ఆ పిల్ల నోరు ఆగలేదు, ఆడపిల్ల అని చెప్పింది, యాదమ్మ గుండె జారింది, నెత్తురు పొంగింది. సిస్టర్ ఇంగ్లీషులో రాసుకుంది. వార్డు కట్టు తప్పిందని, దానివల్ల పేషెంటు ప్రాణం మీదికి వచ్చిందని, చేతకాక పెద్ద డాక్టరును పిలిపించుకుందని రాసినట్టు నాకు చదివి చెప్పింది. కింద వేలిముద్ర వేయమంది. అప్పటికి నాకు సంతకం కూడా రాదు. వేశాను. ఏదో పెద్ద పని చేసినట్టు ఆ రోజు తల ఎత్తుకుని ఇంటికి పోయాను. ఆ కాగితం ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. అది సుగుణ ఫైలులోకి పోయింది. అలాంటి మచ్చ ఒకటి పడితే ఆ ఏడాదే కాదు, ఇంకెప్పుడూ ఏ పెద్ద దవాఖానలోనూ తీసుకోరని నాకు తర్వాత తెలిసింది.

ఇంటర్వ్యూలకు రెండు రోజుల ముందు కామాక్షమ్మ గారు నన్ను తన గదికి పిలిచింది. బల్ల మీద ఆ కాగితం ఉంది. వేలిముద్ర నీలంగా కనిపిస్తోంది. కూర్చోమంది. డాక్టరు ముందు కుర్చీలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. యాదమ్మ కాన్పు మొదటి నుంచి చెప్పమంది. సిస్టర్‌కు చెప్పినట్టే చెప్పాను. ఆమె వింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. కోపం లేదు, లాలన లేదు. లెక్కల పంతులు కూడిక చెప్పించినట్టు అడిగింది.

"సుగుణ ఆడపిల్ల అని చెప్పినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"డబ్బా కాడ ఉన్న అమ్మా."

"డబ్బా దగ్గర ఎందుకున్నావు?"

"గుడ్డ తీస్తున్న."

"ఎన్నో గుడ్డ?"

డబ్బా మూత వేడిగా ఉంది, కొంగుతో పట్టుకుని తీశాను. ఆ వాసన ముక్కుకు తగిలింది. అప్పుడు వెనక నుంచి యాదమ్మ గొంతు వినిపించింది, ఏం పుట్టిందని. నేను మూత పట్టుకునే ఉన్నాను. ఎందుకు తీశాను మూత? మొదటి గుడ్డ తడిసి ముద్దయిందని. కాన్పు అయిన గుడ్డ అంత తొందరగా తడవదు. సుగుణ నోరు విప్పకముందే అది తడిసిపోయింది.

"రెండోది అమ్మా" అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను. నేనే చెప్పాను, నెత్తురు ముందు మొదలైంది, మాట తర్వాత వచ్చింది, నేను రెండూ తిప్పి చెప్పానని. అబద్ధం చెప్పాలని చెప్పలేదమ్మా, అలాగే జరిగిందని అనుకున్నానన్నాను. ఆమె తల ఊపింది. మాయ సగం ఊడి సగం పట్టుకుని ఉందని, ఎవరు ఏ మాట అన్నా అనకపోయినా ఆ నెత్తురు వచ్చేదేనని చెప్పింది. తర్వాత ఉన్నట్టుండి నా కాన్పు గురించి అడిగింది. నా కూతురు పుట్టినప్పుడు నాకు చెప్పారా అని. నేను ఆలోచించాల్సిన పనే లేదు. "చెప్పలె అమ్మా. అందరు చుప్పుగున్నరు. గా చుప్పు తోనే నాకు ఎరుకైంది" అన్నాను. అలా అన్నాక నా మాట నాకే వినిపించింది. ఎన్ని వందల మంది తల్లుల దగ్గర నేను అలా నోరు మూసుకుని నిలబడ్డానో అప్పుడు మనసుకు తట్టింది.

ఆ కాగితం చింపెయ్యమని బతిమాలాను. కామాక్షమ్మ గారు దాన్ని మళ్ళీ ఫైలులో పెట్టి దారం కట్టింది. నేను చింపితే నా వార్డు పిల్లను కాపాడుకున్నానంటారు, అది సుగుణకు ఇంకో మచ్చ అంది. మీరైనా సూపరింటెండెంటు సాబ్‌కు చెప్పండమ్మా అన్నాను. "నేను అక్కడ లేను బాలమణీ. చూసింది నువ్వు. నిన్ను రమ్మనీ అనను, వద్దనీ అనను. నేను రమ్మంటే అది నా మాట అవుతుంది" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. నువ్వు చెప్పినా ఆ పిల్లకు ఉద్యోగం వస్తుందని నేను మాట ఇవ్వను, మార్కులున్నాయి, మిగతా ఇద్దరు డాక్టర్లున్నారు, వసంత కూడా మంచి డాక్టరే అని.

ఆ రెండు రోజులూ అదే ఆలోచన. నా కొలువు పక్కా కాలేదింకా, ఎప్పుడైనా తీసేయొచ్చు. సిస్టర్‌కు ఎదురుపోతే నా డ్యూటీలు ఏమవుతాయో నాకు తెలుసు. కూతురు నోట్లో ముద్ద పెడుతూ, పోయి చెప్పాలా వద్దా అని దాన్నే అడిగాను. అది ఇంకో ముద్ద అడిగింది.

ఇంటర్వ్యూ రోజు సూపరింటెండెంటు సాబ్ గది ముందు వరండాలో ఆడపిల్లలు గంజి పెట్టిన చీరల్లో, మగపిల్లలు టైలు కట్టుకుని, సర్టిఫికెట్లు గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. వసంత సుగుణకు ఏదో పుస్తకంలో పేజీ చూపిస్తోంది. పోటీ పడుతున్న ఇద్దరూ ఒకే పుస్తకంలోకి వంగి చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. వసంత లోపలికి పోయి వచ్చింది. సుగుణను పిలిచారు. తలుపు మూయలేదు, ఉక్కగా ఉందని. కామాక్షమ్మ గారు, సూపరింటెండెంటు సాబ్, ఇంకో మగ ప్రొఫెసర్. సాబ్ పాత హైదరాబాదీ, ఉర్దూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. కాసేపు పుస్తకాల ప్రశ్నలు అయ్యాక ఆ కాగితం తీసి సుగుణను అడిగాడు. పేషెంటుకు ఆడపిల్ల అని చెప్పావా అని. సుగుణ గొంతు సన్నగా వచ్చింది. "చెప్పిన సార్. ఆమె అడిగింది. దానివల్ల బ్లీడింగ్ అయిందో లేదో నాకు తెలియదు. నేను కాదనుకుంటున్న, గానీ నిరూపించలేను." వరండాలో నా పక్కనే పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని గుమ్మంలోకి పోయాను.

నా గొంతు సంగతి తెలుసు కదా, గుసగుసగా మాట్లాడటం దానికి రాదు. సాబ్, ఆ కాగితం మీద ముద్ర నాది అన్నాను. అందరూ తలలు తిప్పారు. ప్రొఫెసర్ గారు, ఎవరీమె, బయటికి పొమ్మనండి అన్నాడు. సూపరింటెండెంటు సాబ్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఏంది బాలమణీ? ముద్ర నీదే అని రాసే ఉన్నది గదా."

"ఔ సాబ్. ముద్ర నాదే, మాట తప్పు."

చెప్పాను. మొదటి గుడ్డ ఎప్పుడు పరిచానో, ఎంతలో తడిసిందో, డబ్బా మూత కొంగుతో ఎలా పట్టుకున్నానో, యాదమ్మ ఎప్పుడు అడిగిందో, సుగుణమ్మ ఎప్పుడు చెప్పిందో. వరుసగా చెప్పాను. ఒక్క మెట్టు కూడా దాటలేదు. అనుకున్నది ఒక్కటి కూడా కలపలేదు. ప్రొఫెసర్ గారు కామాక్షమ్మ గారి వంక ఒకసారి చూసి, ఇలా చెప్పమని నీకు ఎవరు నేర్పారని అడిగాడు. "ఇది చెప్పుమని ఎవ్వరు చెప్పలె సాబ్. వరుసగా చెప్పుడు మాత్రం గీ అమ్మనే నేర్పింది" అన్నాను. సూపరింటెండెంటు సాబ్‌కు నవ్వొచ్చింది, దగ్గులోకి మార్చుకున్నాడు. తర్వాత మొహం గట్టిగా పెట్టి, చూసింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి, దానికి ముద్ర వేయడం ఎంత పెద్ద తప్పో తెలుసా అని నన్ను చివాట్లు పెట్టాడు. నెల రోజులు కాన్పుల గది నుంచి తీసి బట్టలు ఉతికే గదికి వేశాడు. ఆ కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, ఏదో రాసి, సంతకం పెట్టాడు. కామాక్షమ్మ గారు ఇదంతా జరిగినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

నాలుగు రోజులకు బోర్డు మీద జాబితా అంటించారు. చదవడం రాదు కాబట్టి మల్లయ్యను అడిగాను. వాడు పెద్దగా నిట్టూర్చి, "చెప్పలేదా నేను? వసంతమ్మనే. సుగుణమ్మది రెండో పేరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బట్టల గది నుంచి అలాగే సబ్బు సోడా చేతులతో కామాక్షమ్మ గారి గదికి పోయాను. ఇంత చేసినా మీ ఊరి పిల్లనే తీసుకున్నారా అమ్మా అని మొహం మీదే అడిగేశాను. ఇప్పుడైతే అలా అడగను. ఆమెకు కోపం రాలేదు. వసంతకు మార్కులు ఎక్కువ, ఇంటర్వ్యూలో రెండుసార్లు తెలియదని చెప్పింది, తెలిసినవి సుగుణ కంటే బాగా చెప్పింది, నేనే ఆమెకు ఎక్కువ వేశాను అంది. తర్వాత నన్ను అడిగింది.

"నువ్వు నిజం చెప్పింది సుగుణకు ఉద్యోగం రావాలనా?"

కాదని అనబోయాను. కానీ అది అబద్ధం. కొంత అందుకే అన్నాను. ఆమె ఆ కొంత అన్న మాటకు నవ్వింది. ఆమె నవ్వగా చూసింది నేను ఆ ఒక్కసారే. రెండో పేరు అంటే ఏమిటో తెలుసా అని అడిగింది. ఆ కాగితం అలాగే ఉండి ఉంటే అసలు జాబితాలోనే పేరు ఉండేది కాదని, ఇప్పుడు ఏడాది లోపల ఏ చోటు ఖాళీ అయినా మళ్ళీ ఇంటర్వ్యూ లేకుండా ఆ పిల్లనే పిలవాలని చెప్పింది. తర్వాత బట్టల గది పని ఎలా ఉందని అడిగింది. చేతులు పగులుతున్నాయమ్మా అన్నాను. కొబ్బరి నూనె రాసుకోమంది.

సుగుణ వరంగల్ వైపు ఒక చిన్న దవాఖానలో చేరి పోయింది. పోయే ముందు నా దగ్గరికి వచ్చింది. నేను క్షమించమని అడుగుదామని నోరు తెరిస్తే, ఆ రోజు మొదటి గుడ్డ తడవడం చూసింది నువ్వొక్కదానివే అక్కా, లేకపోతే నాకే అనుమానం ఉండిపోయేది, నా మాటతోనే ఆమెకు నెత్తురు పోయిందేమోనని అంది. అన్ని రోజులూ ఆ పిల్ల ఆ బరువు మోసిందని నాకు అంతవరకు తట్టలేదు. పెద్ద సిస్టర్ నాతో మూడు నెలలు మాట్లాడలేదు. నాలుగో నెలలో ఒక రోజు టీ తాగుతూ నాకు కూడా ఒక కప్పు జరిపింది. మా మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు.

చలికాలంలో వసంతకు మద్రాసులో పై చదువు సీటు వచ్చింది. చోటు ఖాళీ అయింది. జాబితాలో రెండో పేరుకు తారు, అంటే టెలిగ్రాం, పోయింది. సంక్రాంతి దాటిన వారానికి సుగుణ ట్రంకు పెట్టెతో రిక్షా దిగింది. మల్లయ్య పెట్టె అందుకుని, నా వంక చూసి, ఆంధ్రావాళ్ళ సంగతి నాకు ముందే తెలుసన్నాడు. ఏం తెలుసో వాడికే తెలియాలి.

ఆమె వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, పొద్దున్నే ఒక కాన్పు. తొలిచూలు, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకు. బిడ్డ ఏడ్చింది. కామాక్షమ్మ గారు గోడ దగ్గర నిలబడి చూస్తోంది. పెద్ద సిస్టర్ బల్ల దగ్గర ఉంది. మాయ ఇంకా పడలేదు. ఆ పిల్ల ఏం పుట్టిందని అడిగింది. సుగుణ చేతులు పనిలో ఉన్నాయి. తల ఎత్తి నా వంక చూసింది. నేను సిస్టర్ వంక చూశాను. ఆమె కిందికి చూస్తోంది. బిడ్డ నా చేతుల్లో ఉంది. ఇన్నేళ్ళూ నా గొంతు మగపిల్లవాడి కోసమే గట్టిగా లేచింది. "ఆడపిల్ల బిడ్డా" అన్నాను. వరండా దాకా వినిపించి ఉంటుంది. ఆ పిల్ల ఒక క్షణం పైకప్పు వంక చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి, "ఇటియ్యి" అంది. ఇచ్చాను. మాయ దాని వేళకు అది పడింది.

రిటైరయ్యేదాకా నేనే చెప్పాను, అందరికీ. అందరూ చేతులు చాపారని చెప్పను. కొందరు మొహం గోడకు తిప్పుకున్నారు. ఒకామె నన్ను తిట్టింది. అదీ చూశాను, ఇదీ చూశాను. కామాక్షమ్మ గారు వయసు అయిపోయి తెనాలి వెళ్ళిపోయింది. పోయే రోజు వరకూ ప్రతి ఎండాకాలం నన్ను ఆ మూడు ప్రశ్నలు అడిగింది. తర్వాత ఆమె కుర్చీలో కూర్చున్న సుగుణ కూడా అడిగింది.

ఇప్పుడు మా గల్లీలో నల్లా దగ్గర కొట్లాటలు అవుతుంటాయి. బాలమణమ్మ చూసింది, ఆమెను అడగండి అని నన్ను పిలుస్తారు. పోతాను. నేను వచ్చేసరికి బిందె పగిలి ఉంది, ఈమె చేతిలో చెంబు ఉంది, ఆమె కొప్పు ఊడి ఉంది, ముందు ఎవరు కొట్టారో నాకు తెలియదు అంటాను. ఇద్దరికీ నా మీద కోపం వస్తుంది. ఇద్దరూ కలిసి నన్నే తిడతారు. నేను నా నీళ్ళు పట్టుకుని ఇంటికి వస్తాను.